నీడకు కులం లేదంటారా?

నీడబొమ్మల సినిమాను మెచ్చుకునేవాళ్లు ఒక మాట తరచూ అంటుంటారు. రంగు లేదు, కన్నూ ముక్కూ విడిగా కనపడవు, అందరూ నల్లని ఆకారాలే, కాబట్టి అది అందరి కళ అని. వినడానికి బాగానే ఉంది. అందరూ నల్లగానే ఉన్నప్పుడు దుర్మార్గుడు ఎవడో పసిపిల్లకు కూడా క్షణంలో ఎట్లా తెలిసిపోతున్నది?

లోటె రైనిగర్ 1926లో జర్మనీలో తీసిన 'రాకుమారుడు అహ్మద్ సాహసాలు' చూస్తే జవాబు దొరుకుతుంది. ఇవాళ చూడగలిగిన పూర్తి నిడివి యానిమేషన్ సినిమాల్లో అన్నిటికన్నా పాతది ఇదే. మూడేళ్ల చాకిరీ. నల్ల అట్టనూ పలచటి సీసపు రేకునూ కత్తిరించి, కీళ్ల దగ్గర తీగతో కలిపి, కింది నుంచి దీపం వెలిగే గాజు బల్ల మీద పరిచి, ఒక్కో కదలికకు ఒక్కో ఫొటో. ఆమె కత్తెర గొప్పదే, అందులో పేచీ లేదు. కాని ఆ కత్తెర ఏం చేసిందో చూడాలి. రాకుమారుడికి నిటారు వెన్ను, తీర్చిన ముక్కు, సన్నని నడుము. ఖలీఫా కూతురి మీద కన్నేసిన మాంత్రికుడు 'ఆఫ్రికా' వాడట. వాడికి గూని, కొక్కెం ముక్కు, గోళ్లలా సాగిన వేళ్లు, వంగి పాకే నడక. ఒంటిరంగు చేసే పనిని ఇక్కడ అంచుగీత చేసింది. అగ్నిపర్వతం మంత్రగత్తె కూడా కురూపే, అయితే ఆమె లేకపోతే రాకుమారుడు గెలవడు. సినిమా మొత్తంలో నాకు నచ్చింది ఆమే. అయినా చివర్లో జంటలు కుదిరేది అందగాళ్లకే.

ఇది పరదేశం గొడవ, మనకెందుకు అనేవాళ్లు తోలుబొమ్మలాట దగ్గరికి రావాలి. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. రావాల్సిందే వచ్చింది. మన బొమ్మ నీడ నల్లగా ఉండదు, వెలుగు దూరే తోలు మీద అద్దిన రంగులే తెర మీద పడతాయి. పాత ఆనవాయితీలో దేవుళ్ల బొమ్మలకు జింక తోలు, మామూలు పాత్రలకు మేక తోలు అని చెబుతారు. కథ మొదలుకాక ముందే తోలులో వర్ణవ్యవస్థ! పేరులోనే తోలు ఉన్న ఈ కళను మ్యూజియం అద్దాల పెట్టెలో పెట్టి మురుస్తారు. లందలో తోలు ఊనిన మాదిగ చేతిని మాత్రం ఊరవతలే ఉంచారు.

భాష సంగతీ అంతే. రాముడికి పద్యం. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు మనం ఇంట్లో మాట్లాడుకునే మాటే మాట్లాడతారు, బూతులాడతారు, తన్నులు తింటారు. పొట్టి ఆకారాలు, మోటు మొహాలు. పండితులు వీళ్లను 'హాస్యం' అనే గదిలో పడేసి తలుపేసుకున్నారు. ఊళ్లో పెత్తనాన్ని నాలుగు మాటలనే వీలు రాముడికీ లేదు, లక్ష్మణుడికీ లేదు. ఈ ముగ్గురికే ఉన్నది.

తార్నాకలో కూచుని ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడి క్యాంపస్‌లో ఈ ప్రశ్న ఇంతకుముందే లేచింది. ఒకప్పుడు సీఫెల్ అని పిలిచిన ఇఫ్లూలో 2010 దశకం మొదట్లో దళిత బహుజన విద్యార్థులు అసుర వారం జరిపారు. నరకాసురుడు ఎవరి మనిషని అడిగారు. గొడవ పురాణం గురించేనని చాలామంది అనుకున్నరు. బొమ్మ గురించి కూడా. రాక్షసుణ్ని గీయమంటే మన పిల్లల చెయ్యి కూడా కోరలూ మీసాలూ లావు పెదవులే గీస్తుంది. ఆ చేతికి ఎవరు నేర్పారు?

నీడబొమ్మల సినిమాకు పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. హాస్టల్ గదిలో ఒక తెల్ల దుప్పటి, టేబుల్ లైటు, ఫోను ఉంటే చాలు. మరి కథ? మళ్లీ సిండ్రెల్లానేనా? 2008లో అన్వేషి పిల్లల కోసం తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' పుస్తకాల్లో గోగు శ్యామల కథ ఒకటుంది. పొలానికి నీళ్లు కట్టపోయిన బాలమణి, మీద పడిన దొరను తన చేతులతోనే చిత్తు చేస్తుంది. కథ ఆమెను పిలిచే పేరు తాటకి. ఈ తాటకిని నల్ల అట్టలో కత్తిరించాలంటే రైనిగర్ రాకుమారి ముక్కు పనికిరాదు. రామాయణం తాటకి కోరలూ పనికిరావు. పొద్దున్నే మడిలో దిగిన పిల్ల భుజం ఎట్లా ఉంటదో తెలిసిన చెయ్యి కావాలి. దీపానికి దగ్గర జరిపితే నీడ పెరుగుతుంది, తెరకు ఆనిస్తే తగ్గుతుంది. దొర బొమ్మను ఎప్పుడు తెరకు ఆనించాలో కూడా ఆ చెయ్యే తేల్చుకోవాలి.