పాత కంప్యూటర్ పత్రికలు – డిజిటల్ భాండాగారాలు: ఒక పరిశీలన

ఆధునిక తెలుగు వచన చరిత్రను పరిశీలించేవారు పత్రికలను ఆశ్రయించక తప్పదు. అయితే సాహిత్య పత్రికలకు దక్కిన పరిశోధక గౌరవం సాంకేతిక పత్రికలకు దక్కలేదు. ఈ వివక్ష డిజిటల్ భాండాగారాల్లోనూ కొనసాగుతున్నది. పాత ఆంగ్ల కంప్యూటర్, వీడియో గేమ్ పత్రికలకు ఉచితంగా లభిస్తున్న భాండాగారాల పక్కన తెలుగు పరిస్థితిని నిలిపి చూస్తే ఈ లోటు స్వరూపం స్పష్టమవుతుంది.

1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ‘బైట్’ (1975–1998), ‘కంప్యూట్!’ (1979–1994) సంచికలు లభిస్తాయి. బ్రిటన్‌లో స్పెక్ట్రమ్ కంప్యూటర్ వాడేవారి కోసం 1984లో మొదలైన ‘క్రాష్’, కొమడోర్ 64 వాడేవారి కోసం 1985లో వెలువడిన ‘జాప్!64’ కూడా అక్కడ ఉన్నాయి. ఇటువంటి సేకరణలకు ఔత్సాహికులు దాచుకున్న ప్రతులే ప్రధాన ఆధారం. ఏది ముఖ్యమో ముందుగా తేల్చకుండా, ముఖచిత్రం నుంచి చివరి అట్ట వరకు మొత్తం సంచికను స్కాన్ చేయడం వీటి సుగుణం. ప్రకటనల్లో ఆనాటి ధరలు, లేఖల్లో పాఠకుల స్వభావం, ఇంట్లో టైపు చేసుకొమ్మని అచ్చువేసిన బేసిక్ ప్రోగ్రాముల్లో పత్రికకూ పాఠకుడికీ ఉన్న సంబంధం తెలుస్తాయి. 2025 జనవరిలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ప్రారంభించిన డిజిటల్ గ్రంథాలయం ఒక మెట్టు ముందుకు వేసి, పత్రికల పూర్తి పాఠంలో పదాన్వేషణకు వీలు కల్పించింది. లోపాలూ లేకపోలేదు. ఔత్సాహికుల సేకరణల్లో ఒకే సంచిక పలుమార్లు కనిపించవచ్చు. లోపించిన పుటల ప్రస్తావన ఉండకపోవచ్చు. ప్రతులను సరిపోల్చే బాధ్యత పరిశోధకుడిదే.

తెలుగులో డిజిటలీకరణ జరగలేదనడం సత్యం కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి చొరవతో సాగిన పది లక్షల పుస్తకాల పథకం, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు గ్రంథాలను అందుబాటులోకి తెచ్చాయి. ప్రెస్ అకాడమీ కృషి వల్ల ‘ఆంధ్రపత్రిక’, ‘భారతి’ వంటివి చూడగలుగుతున్నాము. కాని ఒకే తెలుగు పేరును రోమన్ లిపిలో పలు విధాలుగా నమోదు చేయడం వల్ల ఉన్న గ్రంథమే లేనట్లు భ్రమ కలుగుతుంది. పైగా ఈ కృషి ప్రధానంగా సాహిత్యం, ప్రాచీనత, జాతీయోద్యమం అనే గౌరవ పరిధిలోనే సాగింది. ‘కంప్యూటర్ ఎరా’ వంటి మాసపత్రికలూ, దినపత్రికల సాంకేతిక పుటలూ ఆ పరిధికి వెలుపలే ఉండిపోయాయి.

ఈ ఉపేక్ష వల్ల నష్టపోయేది భాషా చరిత్రే. సంగణకం నిలవక కంప్యూటర్ ఎందుకు నిలిచింది? అంతర్జాలం, ఇంటర్నెట్ పక్కపక్కనే ఎలా బతికాయి? ‘ఫైల్‌ను సేవ్ చేయండి’ అన్న వాక్యం తెలుగు క్రియా నిర్మాణంలో ఎలా ఇమిడింది? వీటికి సమాధానం పదకోశ సంఘాల నిర్ణయాల్లో కంటే, నెలనెలా గడువులోగా పుట నింపవలసిన రచయితల వాడుకలో ఎక్కువగా దొరుకుతుంది. మరొక చిక్కు కూడా ఉంది. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు స్థానం లభించినా, ముద్రణారంగం చాలాకాలం అను వంటి ప్రత్యేక ఫాంట్లనే వాడింది. అందువల్ల కంప్యూటర్‌లోనే కూర్చిన పాఠం సైతం, మార్పిడి చేస్తే తప్ప, నేటి పదాన్వేషణకు అందదు.

ఉచిత భాండాగారం విలువ కదిరి వంటి ఊరినుంచి చూస్తే మరింత స్పష్టంగా అర్థమవుతుంది. ధర్మవరం–పాకాల రైలుమార్గంలోని ఈ కరవుసీమ పట్టణం నుంచి పాత సంచిక కోసం హైదరాబాదు వెళ్లడం విద్యార్థికి ఖర్చుతో కూడిన పని. ఈ ప్రాంతానికి సేకరణ విలువ కొత్త కాదు. కదిరికి సమీపంలోని కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. పండితులు చిన్నచూపు చూసిన ఆ పద్యాలను సి.పి. బ్రౌన్ పలు రాతప్రతులు తెప్పించి, సరిచూసి 1829లో అచ్చువేయించాడు. వేమన పద్యానికీ కంప్యూటర్ పత్రికకూ సాహిత్యపరమైన పోలిక లేదు. ఉన్నది సేకరణ పద్ధతిలోని పోలిక మాత్రమే. విలువ నిర్ణయం తరువాతి తరాలది. ప్రతులను మిగల్చవలసింది మాత్రం సమకాలికులే.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణానంతరం 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి కనుక, ఈ పత్రికలను అనుమతి లేకుండా అందరికీ అందించడం సులభం కాదు. అయితే 2012 సవరణ ఒక వెసులుబాటు ఇచ్చింది. వాణిజ్యేతర ప్రజా గ్రంథాలయం తన వద్ద కాగితపు ప్రతి ఉన్న రచనను పరిరక్షణ కోసం ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచవచ్చు. ఇక్కడ కీలకమైనది ‘తన వద్ద ఉన్న’ అన్న నియమం. పాత సంచికలను తూకానికి అమ్మిన గ్రంథాలయానికి ఈ వెసులుబాటు ఉపకరించదు. కాబట్టి స్కానింగ్ యంత్రం కంటే ముందు కావలసినవి రెండు: శాఖా గ్రంథాలయాల్లో మిగిలిన సంచికల జాబితా, వాటిని పారవేయరాదన్న నిర్ణయం. ఆ జాబితాను తెలుగు లిపిలోనే, లోపించిన సంచికలనూ పుటలనూ పేర్కొంటూ తయారుచేయడం తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన పని.