కత్తెర తగలని కుచ్చు

గడ్డం గీసుకునే బ్రష్షు కొనేటప్పుడు అందరి చూపూ పిడి మీదికే పోతుంది. అసలు పనితనం కుచ్చులో ఉంటుంది. దాని పైభాగం గుండ్రంగా తీర్చినట్టుంటే, కత్తెరతో సరిచేశారేమో అనిపిస్తుంది. చేత్తో కట్టిన మంచి బ్రష్షుకు ఆ పని చెయ్యరు. వెంట్రుక కొసకు వచ్చేసరికి తనంత తాను సన్నబడుతుంది. చెంపకు మెత్తగా తగిలేది ఆ సన్నని మొనే. దాన్ని కత్తిరిస్తే తెగినచోట మొద్దుబారి గుచ్చుకుంటుంది. అందుకే కొసలు ముట్టకుండానే కుచ్చుకు ఆకారం తేవాలి.

ఇంగ్లండ్, జర్మనీ కార్ఖానాలు పేరు తెచ్చుకున్నది బ్యాడ్జర్ వెంట్రుకలతో. బ్యాడ్జర్ బొరియల్లో బతికే జంతువు. దాని వెంట్రుకకు కొస తెలుపు, నడుమ నల్లని పట్టీ, మొదలు మళ్ళీ లేతరంగు. ముందు వాటిని కడిగి జిడ్డు వదిలిస్తారు. ఆరాక దువ్వి, అడుగున ఉండే నూగు తీసేస్తారు. పొడవును బట్టి, కొస తెల్లదనాన్ని బట్టి వేరు చేస్తారు. తలకిందులుగా పడిన వెంట్రుకలను ఏరెయ్యడం ఓపిక పరీక్షించే పని. అలాంటిది ఒక్కటి మిగిలినా దాని మొదలు పైకి వచ్చి ముఖానికి గుచ్చుకుంటుంది.

తర్వాతిదే కీలకమైన ఘట్టం. ఒక కుచ్చుకు సరిపడా వెంట్రుకలను తూచి, కొసలు కిందికి ఉండేలా గుంటగా ఉన్న చిన్న గిన్నెలో దించుతారు. బల్ల మీద తట్టుతూ, వేళ్ళతో తిప్పుతూ ఉంటే కొసలన్నీ గుంట అడుగుకు జారి సర్దుకుంటాయి. గిన్నె లోపలి వంపు ఎలా ఉంటే కుచ్చు తల అలా తయారవుతుంది. హెచ్చుతగ్గులన్నీ మొదళ్ళ వైపుకు చేరతాయి. అక్కడ దారంతో బిగించి కట్టి, ఆ మొదళ్ళనే సమంగా కోస్తారు. కత్తెరకు చోటు అక్కడ మాత్రమే. ఈ తట్టడంలోని ఒడుపు చెబితే వచ్చేది కాదు, ఏళ్ళ తరబడి చేస్తే వేళ్ళకే తెలుస్తుంది.

కట్టిన మొదళ్ళను జిగురులో ముంచి, పిడికి తొలిచిన గుంటలో కూర్చోబెడతారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎపాక్సీ. జిగురు చాలకపోతే వెంట్రుకలు రాలతాయి. మరీ పైకి పాకితే కుచ్చు నడుమ గట్టి ముద్ద కడుతుంది. ఎంత లోతున దించారన్నదీ ముఖ్యమే. కుచ్చు అడుగు సాధారణంగా 20 నుంచి 26 మిల్లీమీటర్ల మందం, బయటికి కనిపించే ఎత్తు 50 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. రెండు మిల్లీమీటర్లు లోపలికి దించితే బిరుసెక్కుతుంది, పైకి లేపితే వాలిపోతుంది.

పోర్చుగల్, ఇటలీ పనివారు పంది వెంట్రుకలతో కట్టే బ్రష్షులు కొత్తలో బిరుసుగా ఉంటాయి. కొన్ని వారాలు వాడాక కొసలు చీలి మెత్తబడతాయి. తక్కువ ధరకే దొరికే ఈ బ్రష్షులను నేను చిన్నచూపు చూడను.

వెంట్రుకలను శుద్ధి చెయ్యడం కేవలం నాణ్యత కోసం కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, సరిగా శుద్ధి చెయ్యని గుర్రపు వెంట్రుకల బ్రష్షుల వల్ల బ్రిటన్, అమెరికాల్లో సైనికులకూ పౌరులకూ ఆంత్రాక్స్ సోకింది, కొందరు చనిపోయారు. 1920లో బ్రిటన్ జపాన్ నుంచి ఈ బ్రష్షుల దిగుమతిని నిషేధించింది.

ఇంకో చిక్కు జంతువుది. బ్రిటన్‌లో బ్యాడ్జర్లకు 1992 చట్టం రక్షణ ఇస్తోంది. మార్కెట్‌కు వచ్చే బ్యాడ్జర్ వెంట్రుకల్లో అధికభాగం చైనా నుంచి వస్తుంది, అది చంపిన జంతువు చర్మం నుంచి తీసిందే. గుర్రం తోక, జూలు నుంచి వెంట్రుకలు తీయడానికి దాన్ని చంపనక్కరలేదు. కొస సన్నబడేలా చేసిన కృత్రిమ పోగులూ ఇప్పుడు చక్కగా నురగ లేపుతున్నాయి. జర్మనీలోని ష్టుట్జెన్‌గ్రూన్‌లో 1945లో మొదలైన మ్యూలే సంస్థ అలాంటి పోగులతో కుచ్చులు కడుతోంది. గిన్నెలో తట్టి, కట్టి, కూర్చే విద్యకు బ్యాడ్జరే కావాలని లేదు. కొనదలచినవారు గుర్రపు వెంట్రుకలదో, కృత్రిమ పోగులదో చేత్తో కట్టింది ఎంచుకోండి. వాడాక సబ్బు పోయేదాకా కడిగి, నీరు విదిల్చి, గాలి తగిలేచోట ఆరబెట్టండి. మరిగే నీళ్ళలో మాత్రం ముంచకండి, జిగురు పాడవుతుంది.