ఆ బ్యానరు ఎవరు చదివారు?

1993 మేలో, సెర్బు సేనల ముట్టడిలో ఉన్న బోస్నియా రాజధాని సరయేవోలో, ఒక నేలమాళిగలో అందాల పోటీ జరిగింది. బిల్ కార్టర్ డాక్యుమెంటరీ 'మిస్ సరయేవో'లో చూశాం. ఈత దుస్తుల్లో ఉన్న అమ్మాయిలు 'మమ్మల్ని చంపనివ్వకండి' అన్న బ్యానరు పట్టుకున్నారు. మాలో కొందరం ముందు దుస్తులే చూశాం, తౌబా అన్నాం. ప్రపంచం కిరీటం చూసింది. బ్యానరు ఎవరు చదివారు? అది వాళ్ల భాషలో లేదు, ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో ఉర్దూలో ఏడ్చి, బయట తెలుగులో మొరపెట్టుకునే మాకు అదెందుకో తెలుసు.

1995 జులైలో స్రెబ్రెనిత్సాలో ఎనిమిది వేలమందికి పైగా ముస్లిం మగవాళ్లను, మగపిల్లలను చంపారు. నవంబరులో ఆ పోటీ మీద యూటూ బృందం, పవరొట్టి పాడిన పాట వచ్చింది. పాట బాగుంది. ఆ అమ్మాయిలు అడిగింది పాట కాదు.