సాక్ష్యము, సాహిత్యము

తెలుగు క్రైస్తవ కుటుంబములలో సాక్ష్యమను మాటకు న్యాయస్థానపు అర్థము కాక మరొక అర్థము ఉన్నది. ఇంటి ప్రార్థన కూటములో పాట ముగిసిన పిమ్మట ఒకరు లేచి, తమ బ్రతుకులో దేవుడు చేసిన మేలును నలుగురి ఎదుట చెప్పుకొనుట సాక్ష్యము. వ్యాధి, అప్పు, త్రాగుడు, బిడ్డ మరణము, ఉద్యోగము పోవుట మొదలైన కష్టముల నడుమ విశ్వాసము ఎట్లు కుదిరినదో చెప్పుట అందలి వస్తువు. ఒంగోలు పల్లెలలో వినబడు ఈ ప్రక్రియ, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి కూలికై తరలిపోయిన తెలుగువారితో జంషెడ్‌పూర్ వరకు ప్రయాణము చేసినది. దీనిని సాహిత్యదృష్టితో పరిశీలించిన విమర్శ మాత్రము అరుదు. బుర్రకథకు, యక్షగానమునకు దక్కిన శ్రద్ధలో పదియవ వంతైనను దీనికి దక్కలేదు. మతవిషయమని సాహిత్యకులు తొలగిపోయినారు. సాహిత్యమనుకొనక మతబోధకులు దీనిని అచ్చుపోసిన మూసలోనికి దింపినారు.

ఆ మూస అందరు ఎరిగినదే. పూర్వము చీకటి, పిమ్మట వెలుగు. కష్టమునకు రెండు వాక్యములు, మేలునకు ఇరువది. వక్త మూడేండ్లు మంచము పట్టియుండును, కాని ఆ మూడేండ్లును ఒక్క సమాసక్రియలో గడిచిపోవును. ఆ దినములలో ఇల్లు ఎట్లు గడిచినది, ఎవరు అన్నము పెట్టినారు, ఎవరు ముఖము చాటు చేసినారు, ప్రార్థన చేసినను ఫలము కానరాని రాత్రులలో మనస్సు ఏమైనది అను వానికి అందులో చోటు లేదు. విని లేచిపోవు వారికి ఫలితము తెలియును, మనిషి తెలియడు. విశ్వాసము సత్యమే కావచ్చును. దానిని చెప్పిన వాక్యము మాత్రము అరువు తెచ్చుకొన్నది.

ఈ అరువును తీర్చిన రచన జంషెడ్‌పూర్ చరిత్రకు పరాయిది కాదు. సాక్చి అను పల్లె చెంత 1912లో తొలి ఉక్కు పోత పోసిన ఈ ఊరికి 1919లో ఛెమ్స్‌ఫర్డ్ ప్రభువు జంషెట్జీ టాటా పేరు పెట్టినాడు. 1920లోను, 1922లోను ఇచట పెద్ద సమ్మెలు జరిగినవి. ఆ పిమ్మట 1920ల నడుమ ఇచటి కార్మిక సంఘమునకు అధ్యక్షుడుగా ఉన్నవాడు సి.ఎఫ్. ఆండ్రూస్, ఆయన పిమ్మట 1928లో సుభాష్ చంద్ర బోసు ఆ స్థానమునకు వచ్చినాడు. 1925 ఆగస్టులో గాంధీజీ జంషెడ్‌పూర్ వచ్చుటలో ఆండ్రూస్ చేయి ఉన్నది. ఆంగ్లికన్ మతగురువై 1904లో ఢిల్లీకి వచ్చి, పదేండ్లకు ఆ వృత్తి వదలి శాంతినికేతనము చేరిన ఆండ్రూస్ ఒక అనుభవమును చెప్పుకొన్నాడు. వీపుపై దెబ్బలతో, భీతిల్లిన కన్నులతో ఒక ఒప్పందపు కూలి ఆయనకు మనస్సులో కనిపించినాడట. చూచుచుండగనే ఆ ముఖము క్రీస్తు ముఖమైనదట. ఫిజీ ద్వీపముల కూలీల కొరకు ఆయన 1915లో బయలుదేరుటకు అది ప్రేరణ. ఆ కూలీలలో మన కోస్తా జిల్లాల తెలుగువారును ఉన్నారని ఇచట గుర్తు చేయుట అప్రస్తుతము కాదు.

ఆ అనుభవములో గమనింపదగినది ఒకటి ఉన్నది. కష్టము అందులో తుడిచివేయబడలేదు. కూలి వీపు మానలేదు, దెబ్బలు మాయము కాలేదు. విశ్వాసము గాయమునకు అవతలి ఒడ్డున గాక గాయములోనే కనబడినది. 1932లో వెలువడిన ‘వాట్ ఐ ఓ టు క్రైస్ట్’ అను ఆయన ఆత్మకథాత్మక గ్రంథము చదువదగినదగుటకు ఈ చూపే హేతువు. అయితే ఒక భేదమును మరువరాదు. ఆండ్రూస్ చూచినది పరుల కష్టమును. తెలుగు కూలి తన వీపును తాను చూచుకొనవలెను, అది మరింత దుష్కరము.

తెలుగు దేశమున ఆ పని మొదటిసారి జరిగిన తావు ఒంగోలు ప్రాంతము. 1876-78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకములో మూడు మైళ్ళకు పైబడిన భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న మాదిగలకు కూలి కల్పించినాడు. గంజి కొరకు మతము పుచ్చుకొన్నారన్న అపవాదు రాకూడదని, కరవు పని సాగినంత కాలము బాప్తిస్మములు నిలిపి ఉంచినాడు. సహాయము ముగిసిన పిమ్మట 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. మిషను చరిత్రలు ఈ అంకెను విడువక చెప్పును. అంకె గొప్పది. కాని 2,222 మందిలో ఏ ఒక్కరు ఏ రాత్రి, ఏ ఆకలితో, ఏ మాట విని ఆ నిశ్చయమునకు వచ్చినారో అంకె చెప్పలేదు.

చెప్పినది క్లౌ భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అను గ్రంథము. చెప్పులు కుట్టుచుండగా అని దాని అర్థము. వృద్ధ మాదిగ బోధకులు చెప్పగా విని ఆమె వ్రాసిన కథలవి. అందులోని ఎర్రగుంట్ల పేరయ్య శూన్యములో నుండి క్రైస్తవములోనికి వచ్చినవాడు కాడు. అంతకు పూర్వము గురువు నాశ్రయించి యోగము అభ్యసించినవాడు. వెదకులాట ఆయనకు మొదటి నుండియు ఉన్నది. క్రీస్తు ఆ వెదకులాటలో ఎదురైనాడు. పూర్వమంతయు చీకటి అను నేటి సాక్ష్యపు మూస ఈ ఒక్క జీవితము ముందు నిలువదు. విచారింపవలసినది మరొకటి. తెలుగులో పలికిన ఆ మాటలు ఆంగ్లములో అచ్చైనవి. ఆ వృద్ధుల వాక్యము, విరుపు, సామెత మనకు దక్కలేదు. భావము మాత్రము దక్కినది.

వాక్యము దక్కినది కీర్తనలో. పురుషోత్తమ చౌదరి (1803-1890) జన్మచే బ్రాహ్మణుడు. గంజాము, శ్రీకాకుళము సీమలలో బోధకుడుగా తిరిగినవాడు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటిలో ఆయన పాటలు నేటికిని రాగతాళముల పేర్లతోనే ముద్రింపబడుచున్నవి. శ్రీకాకుళపు తెలుగువాడు పొరుగు రాష్ట్రమునకు పోయినపుడు వెంట వచ్చినది ఈ సంపుటి. పిల్లలు హిందీ బడిలో చదివి తెలుగు అక్షరములు మరచినను పాట నోట నిలిచినది. కీర్తన గుణము పదుగురు కలిసి పాడుకొనుట. కనుక ఒకరి సొంత కష్టము అందులో అందరి కష్టముగా మారవలసినదే. అది దాని బలము. ఒక మనిషి చరిత్ర కావలెనన్న మరొక చోటికి పోవలెను.

ఆ చోటు గుఱ్ఱం జాషువ. 1895లో వినుకొండలో జన్మించినాడు. తండ్రి యాదవుడై క్రైస్తవుడైనవాడు, తల్లి మాదిగ. హిందూ సమాజము ఆతనిని అంటరానివాడని సభల నుండి గెంటినది; పురాణములు చదివి పద్యములు అల్లుచున్నాడని క్రైస్తవ మతాధికారులు కన్నెర్ర చేసినారు. రెండు ఇండ్లకును పరాయివాడైన కవి రాజమహేంద్రవరములో మూగ చలనచిత్రములకు వ్యాఖ్యాతగా గొంతు అరువిచ్చి పొట్ట పోసికొన్నాడు. పిమ్మట గుంటూరులో ఉపాధ్యాయుడైనాడు. తుదకు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి వంటి అవధాని ఆతని కాలికి గండపెండేరము తొడిగినాడు. ఈ జీవితమును మూసలో పోసి చెప్పుట ఎంతో సులభము: అవమానము మొదట, సన్మానము తుద. జాషువ ఆ సౌలభ్యమును వాడుకొనలేదు. పద్యములో వ్రాసిన ఆత్మకథ ‘నా కథ’లో కీర్తి వచ్చినంత మాత్రమున పసినాటి అవమానమునకు సమాధానము దొరికినట్లు కనబడదు. లెక్క తేలలేదు, తేల్చినట్లు నటించుటకు కవి ఒప్పుకొనలేదు.

1964లో సాహిత్య అకాడమి పురస్కారము పొందినది ఆయన ‘క్రీస్తు చరిత్ర’. తెలుగు పద్యమునకు యేసు కథను సహజముగా అలవరచిన కావ్యమది. బైబిలు అనువాదముల తెలుగును ఎరిగిన వారికి ఆ పద్యపు నడక ఎంతటి ఊరటయో వేరుగ చెప్పనక్కరలేదు. అయినను ఒక మాట చెప్పక తప్పదు. సువార్తల కథాక్రమము ముందే నిర్ణీతము; భక్తితో దానిని అనుసరించిన కవికి తన రక్తము కలుపు అవకాశము తక్కువ. జాషువ విశ్వాసము నిజముగా పరీక్షకు నిలిచిన కావ్యము క్రీస్తు పేరు గలది కాదు, శివునకు సందేశము పంపిన ‘గబ్బిలము’.

ఈ మాట వింతగా తోచవచ్చును. 1941 నాటి ఆ కావ్యములో దక్షిణాదిని ఆకలితో ఉన్న ఒక అరుంధతీసుతుడు కైలాసనాథునకు గబ్బిలము ద్వారా తన గోడు చెప్పుకొనును. ఆతనికి దేవాలయ ప్రవేశము లేదు, గబ్బిలమునకు ఉన్నది. కాళిదాసు యక్షునకు విరహము, ఈతనికి ఆకలి. ఇందు క్రైస్తవమెక్కడ అని అడుగవచ్చును. కష్టములో ఉన్నవాడు దేవుని నిలదీయుటకు హక్కు గలవాడని, ఆ నిలదీయుట కూడ ప్రార్థనయేనని నమ్మిన మత సాహిత్యము యోబు గ్రంథము గల బైబిలు. యోబు మిత్రులు సిద్ధమైన సమాధానములతో వచ్చినారు. యోబు వానిని త్రోసిపుచ్చినాడు. గబ్బిలపు నాయకుడు ఆ యోబునకు తెలుగు తోబుట్టువు. ఆతడు ఓదార్పు కోరలేదు, జవాబు కోరినాడు. దేవునిపై నమ్మిక లేనివాడు అంత దూరము సందేశము పంపడు గదా! జాషువ శివుని పేర వ్రాసినందుకు నాడు నొచ్చుకొన్న మతాధికారులు, తమ గ్రంథములోని అత్యంత ధీరమైన స్వరము తమ కవి నోట పలుకుచుండగా గుర్తింపలేకపోయినారు. అది వారి దురదృష్టము.

ఈ ధార ఆగిపోలేదు. జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) కరవును, కాలువ తవ్వకమును, మతాంతరమును తరతరాల కథగా నవలలోనికి తెచ్చినది. గుండ్లకమ్మ ఒడ్డున అంకెగా మిగిలినవారికి అందులో పేర్లు, పాటలు వచ్చినవి. అయితే అందలి దృష్టి సమూహముపై, పోరాటముపై. ఒక మనిషి మోకాళ్ళపై గడిపిన రాత్రి అందు ప్రధానము కాదు, కానక్కరయు లేదు.

జంషెడ్‌పూర్ వంటి ఊరి తెలుగు క్రైస్తవుని కష్టము వేరు తీరుది. పొలము లేదు, కరవు లేదు, జీతము ఉన్నది. కొలిమి వేడి, రాత్రి పాళీ, పదవీ విరమణతో కంపెనీ క్వార్టరు ఖాళీ చేయవలసిన దినము, సొంత ఊరిలో మిగిలిన తల్లి మరణవార్తకు రైలు దొరకని రాత్రి ఆతని కష్టములు. కులము ఊరు విడిచినను పెండ్లి సంబంధముల వేళ తిరిగి వచ్చును. ఇవి కరవు వలె చరిత్రకు ఎక్కవు, గబ్బిలము వలె కావ్యమునకు సులభముగా లొంగవు. వీనికి తగిన రూపము ఆ ప్రార్థన కూటములోని సాక్ష్యమే. మూస తొలగించి, కష్టమునకు దాని నిడివి దానికి ఇచ్చినచో అది ఆత్మకథగా పెరుగును.

ఆ పని పూనుకొను సంకలనకర్త ఎదుర్కొను మొదటి ప్రశ్న భాషను గూర్చినది. అచటి తెలుగువాడు డ్యూటీకి పోయినానని చెప్పును, బస్తీలో ఉన్నామని చెప్పును. ఆతని బస్తీ కంపెనీ క్వార్టర్ల వెలుపలి కూలివాడ. క్రియ శ్రీకాకుళపు యాసలో, నామవాచకము హిందీలో, దేవుని పేరు కీర్తనల సంస్కృతములో పలుకును. అచ్చుకు పంపునపుడు దీనిని సరిదిద్దవలెనని ఎవరికైనను తోచును. ఒంగోలు వృద్ధుల మాట ఒకసారి ఆంగ్లములో కరగిపోయినది. జంషెడ్‌పూర్ కార్మికుని బస్తీని పేటగా దిద్దినచో అదే నష్టము మన చేతిమీదుగానే జరుగును.