ముక్కలుగా నడిచేవాళ్ళం

అపలాచియన్ ట్రెయిల్ మాట ఎత్తగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "మొత్తం నడిచేశారా?" అని. జార్జియాలోని స్ప్రింగర్ మౌంటెన్ నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా 14 రాష్ట్రాలు, 2,190 మైళ్ళ పైచిలుకు. ఏకబిగిన నడవాలంటే అయిదు నుంచి ఏడు నెలలు పడుతుంది. ఉద్యోగం, పిల్లల చదువు, ఇంటి అప్పు ఉన్నవాడికి అన్ని నెలల సెలవు ఎవరిస్తారు? అందుకే నాలాంటి న్యూజెర్సీ ఎడిసన్ వాసులు వేసవికి కొన్ని ముక్కల చొప్పున నడుస్తారు. సెక్షన్ హైకింగ్ అంటే అదే. అది చెప్పగానే "ఓ, అంతేనా" అంటారు.

అంతేనా ఏమిటి! 1921లో బెంటన్ మెకాయ్ ఈ బాటను ప్రతిపాదించినప్పుడు ఆయన మనసులో ఉన్నది నగరాల్లో పనిచేసి అలసిపోయిన జనం సెలవుల్లో కొండలెక్కి ఊపిరి పీల్చుకోవడం. 1937లో బాట పూర్తయింది. దానికి ముందు ఏడే దాన్నంతా నడిచేసిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు మైరన్ ఏవరీ, వృత్తిరీత్యా వకీలు. దూరం కొలిచే చక్రాన్ని తోసుకుంటూ ఏళ్ళ తరబడి, ముక్కలుగానే నడిచాడు. ఒకే ప్రయాణంలో మొత్తం నడిచానని చెప్పిన తొలి మనిషి ఎర్ల్ షేఫర్ వచ్చింది 1948లో. 1955లో 67 ఏళ్ళ వయసులో ఒంటరిగా మొత్తం నడిచి పేరు తెచ్చుకున్న ఎమ్మా గేట్‌వుడ్ కూడా 1964లో మూడోసారి పూర్తిచేసింది ముక్కలుగానే. బాట బాగోగులు చూసే అపలాచియన్ ట్రెయిల్ కన్సర్వెన్సీ ఏకబిగిన నడిచినవాళ్ళకీ ముక్కలుగా నడిచినవాళ్ళకీ ఒకే గుర్తింపు ఇస్తుంది. ఎన్నేళ్ళు పట్టిందని అడగదు.

ఇక వేసవి ప్లాన్. మెమోరియల్ డే నుంచి లేబర్ డే దాకా చేతిలో ఉండేవి 15, 16 వారాంతాలు. అందులో జులై మొదట్లో ఏదో ఒక తెలుగు సభ, రెండు గృహప్రవేశాలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు నయాగరా చూపించడం తీసేస్తే మిగిలేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే మార్చిలోనే మ్యాపు ముందేసుకుని కూర్చుంటాను. నిజం చెప్పాలంటే సగం ఆనందం అక్కడే ఉంది.

కొత్తవాళ్ళు మొదట మైళ్ళు లెక్కేస్తారు. నేను మొదట చూసేది ముక్క ఎక్కడ ముగుస్తుందనే. ఏకబిగిన నడిచేవాడికి తిరుగు ప్రయాణం ఒక్కసారే. మనకు ప్రతి ముక్కకీ రెండు కొసలుంటాయి, రెండింటి దగ్గరా రోడ్డు కావాలి, కారు రాత్రంతా నిలపడానికి అనుమతి ఉన్న చోటు కావాలి. కారును చివరి కొసన పెట్టి, స్థానిక షటిల్ డ్రైవర్‌కి డబ్బిచ్చి మొదటి కొసకు వెళ్ళడం నా పద్ధతి. అప్పుడు నడిచేది మన కారు వైపే కాబట్టి, సాయంత్రం అయిదింటికి ఎవరో ఎదురుచూస్తున్నారన్న కంగారు ఉండదు. షటిల్‌ను చివర్లో పెట్టుకున్నవాళ్ళు రెండో రోజంతా గడియారమే చూస్తూ నడుస్తారు, కొండ చూడరు.

మైళ్ళ లెక్కకి 1892లో స్కాట్లండ్‌లో విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ప్రతి మూడు మైళ్ళకూ ఒక గంట, పైకెక్కే ప్రతి 2,000 అడుగులకూ ఇంకో గంట. ఆయన లెక్కలో వీపున బరువు లేదు, పెన్సిల్వేనియా రాళ్ళు అసలే లేవు. ఆ రాష్ట్రం ఉత్తర భాగంలో బాట పొడవునా మొనదేలిన రాళ్ళే. ప్రతి అడుగూ చూసి వేయాలి. అక్కడ నా వేగం సగానికి పడిపోతుంది.

ఏ నెలలో ఏ ముక్క అన్నదీ తేల్చుకోవాలి. మే, జూన్ నెలల్లో మెయిన్ వైపు వెళ్తే బ్లాక్ ఫ్లైస్ అనే కుట్టే ఈగలు నిలవనీయవు. ఆ రాష్ట్రాన్ని ఆగస్టు చివరికి వాయిదా వేయాలి. జులైలో న్యూజెర్సీ కిట్టటినీ కొండల మీద బ్లూబెర్రీలు పండుతాయి, ఆ రాష్ట్రంలోని 72 మైళ్ళకి అదే మంచి కాలం. ఆగస్టులో న్యూయార్క్, న్యూజెర్సీ ఊటలు చాలావరకు ఎండిపోతాయి. మ్యాపు మీద నీలం చుక్క ఉన్నంత మాత్రాన నీళ్ళున్నట్టు కాదు. లీటరు నీళ్ళు కిలో బరువు. అయినా అప్పుడు రెండు లీటర్లు ఎక్కువే మోస్తాను. అన్నిటికంటే నాకు భయం డీర్ టిక్స్. గసగసాల గింజంత ఉంటుంది పిల్ల పురుగు, లైమ్ జబ్బు అంటిస్తుంది. బట్టలకి ముందే పెర్మెత్రిన్ పట్టించి ఆరబెట్టాలి, సాయంత్రం రాత్రి బసకు బాట పక్కనుండే షెల్టర్ చేరాక ఒళ్ళంతా వెతుక్కోవాలి. పిల్లలుంటే మరీ జాగ్రత్త.

తిండి విషయంలో మనకు ఏ అవుట్‌డోర్ దుకాణమూ అక్కర్లేదు. వేయించి తాలింపు కలిపిన ఉప్మా రవ్వ, అటుకులు, కందిపొడి, కరివేపాకు పొడి, చిన్న సీసాలో నెయ్యి, వేరుశనగ చిక్కీ. మొదటి రోజుకి పులిహోర పొట్లం. మనిషికి రోజుకి ముప్పావు కిలో దాటనివ్వను. ఆవకాయ వద్దు. నూనె సంచీలోకి కారిందంటే ఆ వాసన వారం పోదు, ఇవి నల్ల ఎలుగుబంట్లు తిరిగే కొండలు. న్యూజెర్సీ షెల్టర్ల దగ్గర తిండి దాచుకోవడానికి ఇనుప పెట్టెలుంటాయి. ఆ రాష్ట్రంలో బాట మీద నెగడు వేయడం నిషేధం కాబట్టి చిన్న గ్యాస్ స్టవ్ తీసుకెళ్ళాలి.

ఒక రాష్ట్రం పూర్తిచేశామనిపించుకోవాలని వానలో, జ్వరంలో చివరి అయిదు మైళ్ళు లాగే వాళ్ళను చూశాను. నాకది నచ్చదు. మిగిలిన ముక్క వచ్చే ఏడాదికి అక్కడే ఉంటుంది. ముక్కలుగా నడిచేవాడికి ఉన్న ఒకే ఒక్క సౌకర్యం అది, దాన్నీ వదులుకుంటే ఎలా?

ఈ వేసవిలో మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి కారు గొడవే లేని ముక్క ఒకటి చెబుతాను. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్‌లో హడ్సన్ లైన్ రైలెక్కి మానిటూలో దిగితే బేర్ మౌంటెన్ బ్రిడ్జి దగ్గర బాట అందుతుంది. అక్కణ్ణించి ఉత్తరంగా సుమారు 45 మైళ్ళు, తొందరపడకుండా నాలుగు రోజులు. దారిలో గ్రేమూర్ దగ్గర ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మైదానంలో గుడారం వేసుకోవచ్చు. పాలింగ్ దాటాక బాట హార్లెమ్ లైన్ పట్టాలను దాటే చోట చిన్న ప్లాట్‌ఫారం ఉంది, స్టేషన్ పేరే అపలాచియన్ ట్రెయిల్. అక్కడ రైలు ఎక్కితే మళ్ళీ గ్రాండ్ సెంట్రలే. ఆ స్టేషన్‌లో రైలు ఆగేది శని, ఆదివారాలు, సెలవు రోజుల్లోనే. నాలుగో రోజు ఆదివారమో సెలవో అయ్యేలా చూసుకుని బయల్దేరండి.