మేనర్ జీవితం: దస్తావేజుల సాక్ష్యం, కవుల సాక్ష్యం

మధ్యయుగ ఇంగ్లండులోని మేనర్‌ను వివరించే చరిత్ర గ్రంథాలు సాధారణంగా ఒక పటంతో మొదలవుతాయి. నడుమ ప్రభువు భవనం, దాని ధాన్యపు కొట్లు, పక్కన చర్చి, ఏటి ఒడ్డున పిండిమర, చుట్టూ మూడు పెద్ద పొలాలు, వాటిలో సన్నని పట్టీలుగా చీలిన కమతాలు, ఆవల గడ్డిబీడు, ఉమ్మడి మేత భూమి, అడవి అంచు. మూడింట ఒక పొలం ఏటా బీడుగా ఉండేది. పటం తప్పు కాదు గాని, అది చూపే పొందిక అన్నిచోట్లా లేదు. ఒకే గ్రామం రెండు మూడు మేనర్ల కింద చీలి ఉండడం సర్వసాధారణం. అంతకంటే పెద్ద లోపం మరొకటి: ఆ పటంలో ఋతువు లేదు, ఆకలి లేదు.

ఈ లోపాన్ని పూరించడానికి చరిత్రకారులు దస్తావేజులను ఆశ్రయించారు. మేనర్ కోర్టు చుట్టలు, లెక్కల చుట్టలు, ఆచారాలను నమోదు చేసిన పట్టీలు విస్తారంగా మిగిలాయి. సుమారు 30 ఎకరాల వర్గేట్ కమతం ఉన్న విలెన్ రైతు ప్రభువు సొంత సేద్యంలో వారానికి ఎన్ని రోజులు పనిచేయాలో, కోతల వేళ అదనంగా ఎన్ని రోజులు రావాలో, ఆ రోజుల్లో అతనికి రొట్టె, చేప, జున్ను, ఏల్ ఏ మేరకు ఇవ్వాలో కూడా కొన్ని పట్టీలు చెబుతాయి. కూతురి పెండ్లికి మర్చెట్, మరణానికి హెరియట్, పిండికి మర సుంకం. అయితే ఇవన్నీ ప్రభువు పక్షాన గుమాస్తాలు లాటిన్‌లో రాసినవి. రైతు వాటిలో కనిపించేది బాకీ పడినప్పుడు, జరిమానా కట్టినప్పుడు. కోర్టుకెక్కని రోజు చుట్టకెక్కలేదు.

ఇక్కడే విలియం లాంగ్‌లండ్ కావ్యం ‘పియర్స్ ప్లౌమన్’ విలువ తెలుస్తుంది. 1370ల చివరినాటిదని భావించే దాని రెండవ పాఠంలో, ఆరవ భాగంలో అర ఎకరం దున్నే ఘట్టం ఉంది. తన దగ్గర కోడిపిల్లలు కొనే డబ్బు లేదని, ఉన్నవి పచ్చి జున్ను, కాస్త పెరుగు, మీగడ, వోట్ల రొట్టె, చిక్కుడు పిండీ తవుడూ కలిపిన రొట్టెలేనని, ఉప్పు వేసిన పందిమాంసం లేదని, ఆకుకూరలతో లామస్ పండుగ దాకా నెట్టుకురావాలని పియర్స్ అంటాడు. లామస్ ఆగస్టు 1న వచ్చే కొత్త పంట పండుగ. పాత ధాన్యం అయిపోయి కొత్తది ఇంకా రాని ఆ వారాలే మేనర్ సంవత్సరంలో అతి కఠినమైనవి. ఏ పట్టీ కూడా ఆ నిరీక్షణను ఇంత సూటిగా పట్టివ్వదు.

ఈ ఘట్టాన్ని కేవలం సాంఘిక చరిత్రకు దృష్టాంతంగా చదివితే మాత్రం దాని వాదన జారిపోతుంది. పియర్స్ అందరి కోసం శ్రమిస్తానంటాడు. నైట్ రక్షణ ఇస్తానంటాడు. మేనర్ వ్యవస్థ తనను తాను సమర్థించుకున్న తీరు ఇదే. తీరా పని మానిన సోమరి ఎదురుతిరిగినప్పుడు నైట్ మర్యాదగా మందలిస్తాడు, అతడు లెక్కచేయడు. పియర్స్ చివరికి పిలిచేది ఆకలిని. ప్రభువు చేయలేని పని ఆకలి చేస్తుంది. పంట రాగానే కూలీలు నిన్నటి కూరగాయలు వద్దని, వేడి మాంసమో చేపో కావాలని అడుగుతారు. కూలీలను బాధించే చట్టాలు చేసిన రాజునూ అతని సలహాదారులనూ శపిస్తారు. 1348–49 నాటి మహమ్మారి తర్వాత కూలి రేట్లను పాత స్థాయిలో బిగించిన 1351 చట్టం ఈ శాపం వెనుక ఉంది. కవి సానుభూతి ఆ కూలీల పట్ల పూర్తిగా లేదు. అయినా 1381 తిరుగుబాటులో జాన్ బాల్ లేఖలు పియర్స్ పేరును వాడుకున్నాయి. పాత్ర కవి చేతి నుండి జారిపోయింది.

ఛాసర్ దృష్టి వేరు. ‘కాంటర్‌బరీ కథల’ ఉపోద్ఘాతంలోని రీవ్ మేనర్ యంత్రాంగానికి అచ్చమైన ప్రతినిధి. ప్రభువు గొర్రెలు, పశువులు, పాడి, కోళ్లు అన్నీ అతని అధీనం. వానను, కరవును బట్టి దిగుబడి అంచనా వేయగలడు. ఏ ఆడిటరూ అతన్ని పట్టలేడు. కింది కాపరులకు అతడంటే మృత్యుభయం. ప్రభువు సొత్తునే ప్రభువుకు అప్పిచ్చి మెప్పూ కోటూ పొందుతాడు. లెక్కల చుట్టలో సరిపోయిన మొత్తాల వెనుక ఇలాంటి మనిషి ఉండవచ్చని పరిశోధకుడికి గుర్తు చేయడానికి ఈ వర్ణన ఒక్కటి చాలు. అదే ఛాసర్ సృష్టించిన దున్నే రైతు మాత్రం పేడ మోస్తాడు, దశమభాగం చెల్లిస్తాడు, పేదలకు ఊరకే పనిచేస్తాడు. అతనికి ప్రభువే లేడు. తిరుగుబాటు జ్ఞాపకం ఇంకా వేడిగా ఉన్న కాలంలో రాసిన కావ్యంలో ఈ మౌనం యాదృచ్ఛికమనుకోవడం కష్టం.

అనువాద సమస్య కూడా ఇక్కడే తలెత్తుతుంది. విలెన్ శ్రమను తెలుగులో ‘వెట్టి’ అనడం సహజంగా తోస్తుంది. కాని తెలంగాణ వెట్టిలో కులవృత్తి నిర్ణాయకం. మేనర్‌లో శ్రమ దినాల లెక్క ప్రధానంగా కమతాన్ని బట్టి సాగింది. మేనర్ భవనాన్ని ‘గడీ’ అంటే భయం అనువదితమవుతుంది గాని ఆ లెక్క అనువదితం కాదు. ‘మేనర్’ పదాన్ని అలాగే ఉంచి వివరించడమే మేలు.

నన్స్ ప్రీస్ట్ కథలోని పేద వితంతువు ఇల్లు ఈ చర్చకు మరో కోణం చేరుస్తుంది. మసిబారిన గది, మూడు ఆడపందులు, మూడు ఆవులు, మాల్ అనే గొర్రె, పాలు, ముదురు రంగు రొట్టె, అప్పుడప్పుడు ఒకటి రెండు గుడ్లు. విమర్శకులు దీన్ని తృప్తికి ప్రతీకగా చదివారు. ఆమె విలెన్ కుటుంబానిదో కాదో కవి చెప్పడు. విలెన్ కుటుంబానిదే అయితే, భర్త పోయిన రోజున దొడ్డిలోని మేలైన పశువు ప్రభువుకు పోయి ఉండాలి. ఛాసర్ లెక్క పెట్టినవి ఆ తర్వాత మిగిలినవి.