నలుగురూ ఎత్తుకునే పాట

పాటకవి గూడ అంజయ్య పేరు తెలియనివాళ్లకు కూడా ఆయన రాసిన ‘ఊరు మనదిరా’ తెలుసు. ఆ పాటను ఆయన గొంతులో కంటే ఏదో ఒక కళాబృందం గొంతులో విన్నవాళ్లే ఎక్కువ.

అంజయ్య 1955లో ఆదిలాబాద్ జిల్లా దండేపల్లి మండలం లింగాపూర్‌లో పుట్టారు. ఇప్పుడది మంచిర్యాల జిల్లా. గోదావరి దాటితే పాత కరీంనగర్ నేల. 1978 సెప్టెంబర్‌లో వేలాది కూలీలు, రైతులు దొరలకు ఎదురు తిరిగి జగిత్యాల జైత్రయాత్రకు కదిలింది ఆ ఒడ్డునే. వెట్టిచాకిరీ, దొర గడీ, దొర మాట రెండు ఒడ్డులకూ ఒక్కటే. ఆయన పాట అక్కడి నుంచే వచ్చింది.

‘ఊరు మనదిరా’ కట్టిన తీరు చూడండి. పల్లవి పక్కవాడిని పిలిచి చెబుతున్నట్టుంటుంది. చరణాల్లో కూలోళ్లు రోజూ చేతపట్టే పనిముట్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇవన్నీ మనవైతే నడుమ ఈ దొర ఎందుకన్న ప్రశ్న దగ్గరికి తెచ్చి పల్లవికి అప్పజెబుతాయి. ఉపన్యాసం లేదు, ఆ వరుసే వాదన. ముందువాడు చరణం ఎత్తితే వెనక కోరస్‌కు సాధన లేకుండానే తన వంతు దొరుకుతుంది. చదువు రానివాళ్లకూ రెండోసారికే నోటికొస్తుంది. ఒక్క గాయకుడి గొంతు మీద ఆధారపడని పాట కనుకే అది 16 భాషల్లోకి వెళ్లిందని చెబుతారు. అమెరికా గాయకుడు వుడీ గత్రీ 1940లో రాసిన ‘దిస్ లాండ్ ఈజ్ యువర్ లాండ్’ కూడా నేల ఎవరిదన్న పాటే. అదీ ఒక్క గొంతుకు కట్టుబడలేదు, దానికి ఎవరి చరణాలు వారు కలుపుకున్నారు.

అంజయ్య తానూ పాడేవారు. అయితే ఎదుటివాడి నోటిని తలుచుకుని రాయడంలో ఆయనకు సాటి వచ్చేవాళ్లు తక్కువ. ఆయన పాటల్లో ఒక మనిషి ఇంకో మనిషితో మాట్లాడుతుంటాడు. రాజిగాడినో, కొమురన్ననో, బిడ్డనో పేరుపెట్టి పిలుస్తాడు. ఆ పిలుపు దొరికిందంటే ఎవరు పాడినా పాట సొంతమాటలా పలుకుతుంది. బి.నర్సింగరావు తీసిన ‘రంగుల కల’ సినిమాలో అంజయ్య రాసిన ‘భద్రం కొడుకో’ను గాయకుడు గద్దర్ అట్లాగే తనది చేసుకున్నారు.

నన్ను ఎక్కువగా కదిలించేది సర్కారు దవాఖానకు రానని మొరాయించే రోగి పాట. దాన్ని రాసిన మనిషి చదివింది ఫార్మసీ, చేసింది ఫార్మసిస్టు ఉద్యోగం. మందులిచ్చే వైపు ఉన్నవాడు మందుల కోసం నిలబడ్డవాళ్ల భయాన్ని వాళ్ల మాటల్లోనే పెట్టాడు. ఎదుటివాళ్ల గోడు ఏండ్ల తరబడి చెవినబెట్టినవాడికే అది సాధ్యం. వరుస కట్టడం నేర్చుకోవచ్చు గానీ ఈ వినికిడి లేకుంటే ఆ పాట రాదు.

తెలంగాణ ఉద్యమంలో ఆయన ‘రాజిగా ఓరి రాజిగా’ పాడని ధూంధాం సభ లేదంటే అతిశయోక్తి కాదు. రాష్ట్రం వచ్చిన రెండేండ్లకు, 2016 జూన్‌లో అంజయ్య కన్నుమూశారు. ఇప్పుడు యూట్యూబ్‌లో వచ్చే జానపదాలకు రచయిత పేరు చిన్న అక్షరాల్లోనైనా వేస్తున్నారు. కానీ సభల్లో పుట్టి సభల్లో తిరిగిన ఆయన తరం పాటలు ఎవరు పాడితే వారివిగా చెలామణి అయ్యాయి.